నాలుగో మనిషికి చోటు

ఊరిగాం ప్లాట్‌ఫారం మీదికి రైలు వచ్చి ఆగుతున్నప్పుడు నేను మామూలుగా మా పెట్టెలో రెండో కిటికీ వైపు చూస్తాను. అక్కడ ఒక నెరిసిన తల, కమ్మీకి తగిలించిన ఒక నల్ల గొడుగు కనిపించాలి. ఆ సోమవారం రెండూ కనిపించలేదు. లోపలికి ఎక్కి చూస్తే ఆ చోట ఒక తెల్ల చేతిగుడ్డ పరిచి ఉంది. అంత జనంలోనూ దాని మీద ఎవరూ కూర్చోలేదు.

"మేడమ్ రాలేదా?" అని మా అమ్మాయి హారిక నాకంటే ముందే అడిగింది.

చేతిగుడ్డ పక్కన కూర్చున్నది మునిరత్నం. వైట్‌ఫీల్డులో ఒక అపార్ట్‌మెంటుకు కాపలా ఉద్యోగి. ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆట పట్టించే మనిషి ఆ రోజు తల ఎత్తకుండా చెప్పాడు.

"నిన్న తెల్లారే పోయినారు పాపా. గుండె. సాయంత్రమే మన్నులో పెట్టేస్తిమి. మీకు చెప్పాలని రాబర్ట్‌సన్‌పేటంతా అడిగినాము. మీ ఇల్లు యాడుండాదో ఎవురికీ తెలీలేదు."

నిజమే. ఆ రైల్లో నేను బైరకూరులో మా తాతగారి పటేలుగిరీ గురించి చెప్పాను, మా మామిడి తోపుల గురించి చెప్పాను. ఇప్పుడుంటున్న అద్దె ఇల్లు ఏ వీధిలో ఉందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

హారిక నా వైపు చూసింది. ఏడుపు ఇంకా రాలేదు. ముందు కంగారే వచ్చింది. ఎందుకో నాకు తెలుసు. తనకు రెండు చోట్ల ఎమ్మేలో ప్రవేశం దొరికింది. ఢిల్లీలో అంతర్జాతీయ సంబంధాలు ఒకటి, గౌహతిలో శాంతి, సంఘర్షణల అధ్యయనం ఇంకొకటి. ఒకదానికి ఒప్పుకుంటే రెండోది పోతుంది. ఆ సాయంత్రం ఐదు దాటితే రెండూ పోతాయి. ఏది తీసుకోవాలో సోమవారం రైల్లో చెప్తానని శుక్రవారం నాడు మేడమ్ మాట ఇచ్చారు.

ఆమె బెంగుళూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పారు. ఉద్యోగ విరమణ అయ్యాక కూడా ఊరుకోలేక వారానికి కొన్ని రోజులు వెళ్ళి వచ్చేవారు. మాకంటే ముందు స్టేషను ఛాంపియన్‌లో ఎక్కేవారు కాబట్టి ఆ కిటికీ సీటు ఎప్పుడూ ఆమెదే. పొట్టి మనిషి. కాళ్ళు నేలకు అందేవి కావు. టిఫిన్ సంచి నేల మీద పెట్టి దాని మీద పాదాలు ఆనించి కూర్చునేవారు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కాలేజీలో కన్నడం మాట్లాడేవారు. తిట్టడానికి మాత్రం ఇంగ్లీషు వాడేవారు. అది ఎవరి ఇంటి భాషా కాదు కాబట్టి ఎవరికీ నొప్పి ఉండదని ఆమె వాదన.

ఆమె ముందు 'ప్రపంచం' అనే మాట పలకకూడదు. ఒకసారి ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని ఆమె ఎదుట కూర్చుని ప్రపంచ శాంతి కోసం పని చేయాలని ఉందని అన్నది.

"ప్రపంచం అనొద్దమ్మా. ఊరి పేరు చెప్పు. ఏ ఊర్లో శాంతి కావాల నీకు?"

ఆ పిల్ల బంగారుపేట నుంచి ట్యాకల్ దాకా ఆలోచించి, చివరికి మా రైలు బయల్దేరే మారికుప్పం పేరే చెప్పింది. మేడమ్ పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత ఆ పిల్లకు కావలసిన పుస్తకాలన్నీ తన ఇంటి నుంచే మోసుకొచ్చి ఇచ్చారు.

రైలు స్టేషను కాని చోట ఆగితే మాత్రం ఆమె మాట కూడా ఆగిపోయేది. చెప్తున్న వాక్యం సగంలో వదిలేసి కిటికీ కమ్మీని గట్టిగా పట్టుకునేవారు. వేళ్ళు తెల్లబడేవి. మళ్ళీ రైలు కదిలేదాకా ఎవరు పలకరించినా జవాబు ఉండదు. ఆమె తండ్రి బంగారు గనిలో పని చేసినవాడు. లోపల రాయి పేలితే పైన ఇళ్ళు అదిరేవట. వంట పాత్రలు గూట్లోంచి దొర్లేవట. అప్పుడు వీధిలోని ఆడవాళ్ళందరూ వాకిట్లోకి వచ్చి, తలుపు చట్టం పట్టుకుని, ఒక్క మాట లేకుండా నిలబడేవారట. ఎవరి మనిషికి ఏమైందో తెలిసేదాకా అట్లాగే. మాట్లాడితే ఏదో అయిపోతుందని భయం. గనులు మూతపడి ఇన్నేళ్ళయినా ఆమె చేతికి ఆ అలవాటు పోలేదు.

ఆమెతో మా పరిచయం నా వల్ల జరగలేదు. హారిక డిగ్రీ ముగించి, దేశాల మధ్య వ్యవహారాలు, భద్రత, ఇట్లాంటివి పైచదువు చదువుతానన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ అదేమిటో అర్థం కాలేదు. మాకు తెలిసిన సరిహద్దు ఒక్కటే. నంగలి దాటితే ఆంధ్ర. రోజూ సాయంత్రం టీవీలో ఏదో ఒక ఊరి మీద పొగ లేస్తుంటుంది. ఆ పొగ ఎందుకు లేస్తుందో చదువుతానంటోంది నా కూతురు. రక్షణ అధ్యయనాలు, వ్యూహాత్మక అధ్యయనాలు, భౌగోళిక రాజకీయాలు, అంతర్జాతీయ చట్టం అంటూ ఫోనులో పేరు మీద పేరు. ఢిల్లీ అంటారు, పూణె అంటారు, మద్రాసు అంటారు. ప్రతి చోటా అవే నవ్వు ముఖాల బొమ్మలు, అవే మాటలు. ఏ చదువు చదివితే ఏమవుతుందో ఎవరిని అడగాలి? మా ఇంట్లో అడిగే అలవాటు లేదు. మా తాతగారు అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటే ఊరు వచ్చి ఎదురుగా నిలబడేది. దాయాదుల వ్యాజ్యాల్లో తోపులు పోయాయి, తర్వాత మిద్దె పోయింది. నేను బెంగుళూరులో ఒక వకీలు దగ్గర గుమాస్తానయ్యాను. అడగకపోవడం ఒక్కటి మాత్రం మిగిలింది.

హారికకు ఆ ఇబ్బంది లేకపోయింది. ఎమ్మేలో చేరేదాకా అని బెంగుళూరులో ఒక చిన్న ఉద్యోగం చూసుకుని, రోజూ నాతోనే రైలెక్కేది. ఒకరోజు మేడమ్ ఒడిలో విదేశీ వార్తల పేజీ చూసి పక్కన చేరి ఏదో అడిగింది. అంతే, మర్నాటి నుంచి ఆ బెంచీ మీద తనకొక చోటు ఏర్పడింది. నేను కొంచెం దూరంలో నిలబడి వినేవాణ్ణి.

"అంతర్జాతీయ సంబంధాలంటే ఎవురు ఎవురితో ఏం మాట్లాడినారు, ఏం మాట్లాడకుండా తిరిగొచ్చినారు, అది చదివేది," అని ఆమె చెప్పారు. "రక్షణ చదువంటే మాటలు నిలిచిపోయినాక ఏమయితాదో ముందుగా లెక్కేసేది. చట్టమంటే అందురూ సంతకం పెట్టి ఎవురూ పాటించనిదాన్ని పట్టుకోని వదలకుండా కూర్చునేది. ఇంగ ఈ శాంతి, సంఘర్షణ అనేది ఉండాదే, అది ఎవురికి ఏం భయమో కనుక్కునేది. అన్నీ మంచివే. నీకేది సరిపోతాదో కాలేజీవాళ్ళు చెప్పలేరు."

"మరి ఎవరు చెప్తారు మేడమ్?"

"ఈ రైలు చెప్తాది."

మునిరత్నం ఊరుకుంటాడా? "సెక్యూరిటీ చదవడానికి అంత దూరం యాల పాపా. నా దగ్గిర చేరు. విజిలు కూడా నేనే కొనిస్తా," అన్నాడు. మేడమ్ గొడుగు తీసి అతని మోకాలి మీద ఒక దెబ్బ వేశారు.

రైలు చెప్పడమంటే ఏమిటో తర్వాత తెలిసింది. మా రైల్లో ముగ్గురు కూర్చునే బెంచీ మీద బంగారుపేట దాటాక నలుగురు కూర్చోవాలి. అది ఎక్కడా రాసి లేదు కానీ అందరూ ఒప్పుకున్నదే. అయితే నాలుగో మనిషి ఊరికే వచ్చి కూలబడకూడదు. బెంచీ వీపు మీద చెయ్యి వేసి, కొంచెం జరగండప్పా అని అడగాలి. అడిగితే ముగ్గురూ ఆ మనిషి ముఖమైనా చూడకుండా తలా కొంచెం జరుగుతారు. అడగకుండా కూర్చుంటే కంటోన్మెంటు వచ్చేదాకా పోట్లాటే. తన దగ్గరికి సలహాకు వచ్చిన పిల్లలను మేడమ్ ఒక పని మీద పంపేవారు. ఎక్కడో నిలబడిన ఒక ముసలి మనిషిని చూపించి, ఆ మనిషికి నాలుగో సీటు పుట్టించుకుని రమ్మనేవారు. తాను కళ్ళు మూసుకున్నట్టు కూర్చుని అంతా చూసేవారు. ఒకడు వెళ్ళి బెంచీవాళ్ళకు పద్ధతీ నియమమూ చెప్పాడట. వాణ్ణి చట్టం చదవమన్నారు. ఒకతె ముందు ఏ బెంచీలో గొడవపడే మనిషి ఉన్నాడో చూసుకుని, దాన్ని వదిలి ఇంకో బెంచీకి వెళ్ళింది. ఆమె ఇప్పుడు మద్రాసులో రక్షణ అధ్యయనాలు చదువుతోంది. ఇంకొకడు కబుర్లలో దింపి, జరగాలన్న ఆలోచన ఆ ముగ్గురిదే అన్నట్టు చేశాడు. వాడు ఢిల్లీకి పోవలసినవాడేనని మేడమ్ అప్పుడే తేల్చేశారు.

శుక్రవారం హారిక వంతు వచ్చింది. ట్యాకల్‌లో ఒక అవ్వ ఎక్కింది. చేతిలో మూట, మోకాళ్ళ నొప్పి. నిలబడలేక తలుపు పక్క గోడకు ఆనుకుంది.

"పాపా, ఆ అవ్వకు ఒక చోటు పుట్టించు," అన్నారు మేడమ్.

హారిక చటుక్కున లేచి, అవ్వను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తన చోట్లో కూర్చోబెట్టింది. అవ్వ దీవించింది. చుట్టుపక్కలవాళ్ళు మెచ్చుకున్నారు. నా వీపు ఇంకొంచెం నిటారు అయింది. మా రక్తం అంటే అదీ అనుకున్నాను.

మేడమ్ మాత్రం మెచ్చుకోలేదు.

"నీది నువ్వు ఇచ్చేస్తివి. అది దానం. నేను చెప్పింది అది కాదు."

హారిక ముఖం ఎర్రబడింది. "ఆమెకు చోటు దొరికింది కదా మేడమ్."

"దొరికింది. నీది పోయింది. రేపు ఇంగొక అవ్వ ఎక్కితే ఏమిస్తావు? దేశాలు లేచి సీటు ఇయ్యవమ్మా. ఇచ్చినట్టు యాడా చదవలేదు నేను. జరుగుతాయి, అంతే. అదీ కొంచెం కొంచెం. ఎందుకు జరగవో, ఏం చెప్తే జరుగుతాయో, ఆ చదువంతా దాని గురించే."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆమె నా వైపు తిరిగారు. "మీరెందుకప్పా రోజూ నిలబడతారు?"

"అలవాటు," అన్నాను.

"అలవాటు కాదు. జరగమని అడిగినాక ఎవురన్నా జరగకపోతే ఏం చేయాల అని మీకు భయం."

ఆమె గొంతులో వెటకారం లేదు. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి చెప్పినట్టు చెప్పారు. కంటోన్మెంటు దాకా తలుపు వైపు తిరిగి నిలబడ్డాను. వెనక హారిక తనకు ఇంకో అవకాశం ఇవ్వమని అడగడం వినిపించింది. సోమవారం చూద్దాం, ఏ ఊరికి పోవాలో ఆ పొద్దే చెప్తాను, అంతవరకు గమ్మునుండు అని ఆమె అనడం కూడా వినిపించింది. ఆ రాత్రి భోజనాల దగ్గర, మేడమ్ అన్నది నిజమా నాన్నా అని హారిక అడిగితే, ముందు అన్నం తినమన్నాను.

నా మనసు ఢిల్లీ మీద ఉంది. ఢిల్లీ అంటే బైరకూరులో చెప్పుకోవచ్చు. మమ్మల్ని చూసి జాలిపడేవాళ్ళు నోరు మూస్తారు. గౌహతి అంటే ముందు అది ఎక్కడుందో చెప్పాలి. చెప్పగానే, అంత దూరమా, ఆ పక్క గొడవలు కదా అంటారు. వాళ్ళు అనకపోయినా రోజూ నేనే అనుకుంటాను.

అదీ శుక్రవారం నాటి సంగతి. సోమవారానికి ఆమె లేరు. ఆమె చెప్పవలసిన మాట ఆమెతోనే పోయింది.

ఆ రోజు హారిక కూర్చోలేదు. నా పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడింది. తను రోజూ కూర్చునే చోట బంగారుపేటలో ఎవరో ఒకాయన కూర్చున్నాడు. చేతిగుడ్డ మాత్రం అట్లాగే ఉంది. ఎవరైనా అటు చూస్తే మునిరత్నం దాని మీద చెయ్యి వేస్తున్నాడు. హారిక ఫోను తెరుస్తుంది, రెండు పేర్లూ చూస్తుంది, మూసేస్తుంది. ట్యాకల్ వెళ్ళింది. ఢిల్లీకి ఒప్పేసుకో అన్నాను. మేడమ్ ఏమనేవారో అని గొణిగింది. ఆమె ఇప్పుడు లేరు కదమ్మా అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. హారిక కిటికీ వైపు తిరిగింది.

మాలూరులో ఒక ముసలాయన ఎక్కాడు. కంటికి ఆపరేషన్ అయి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని ఉన్నాడు. రెండో కంటితో వెతుక్కుంటూ వచ్చి, ఖాళీ చోటు చూసి, చేతికర్ర అటు చాపాడు.

"ఇది మేడమ్ సీటు," అన్నాడు మునిరత్నం. "ఈ పొద్దు ఎవురూ కూర్చోకూడదు."

"యా మేడమ్? యాడుండారు?" అని ఎదురు బెంచీలో ఒకతను అడిగాడు. సంగతి తెలిసి, పోయినామెకు సీటెందుకు, బతికుండేటాయన నిలబడాలా అన్నాడు. రోజూ వచ్చేవాళ్ళు ఒకవైపు, కొత్తవాళ్ళు ఒకవైపు అయ్యారు. గొంతులు లేచాయి. ముసలాయన బెదిరిపోయి, వద్దులేప్పా, నేను నిలబడతా, నా వల్ల గలాటా వద్దు అంటూ వెనక్కి తగ్గబోయి ఎవరి కాలో తొక్కాడు.

లేచి చోటిద్దామన్నట్టు నా కాళ్ళు కదిలాయి. కానీ నేను ఎప్పటిలాగే నిలబడే ఉన్నాను. లేచి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. హారిక దగ్గరా లేదు.

తను నన్ను దాటుకుని వెళ్ళింది. బెంచీ వీపు మీద చెయ్యి వేసింది. జరగమని అడగలేదు. మునిరత్నం ముఖంలోకి చూసి నెమ్మదిగా అడిగింది.

"అన్నా, కొత్తోళ్ళు ఎవరన్నా కూర్చుంటే మేడమ్‌ని మరిచిపోతారనా?"

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇన్నేండ్లు ఆమె పక్కనే కూర్చున్నా పాపా. రేపట్నుంచి ఆడ ఎవుడో కూర్చోని సెల్లు నొక్కుకుంటా ఉంటాడు. నేను చూస్తా ఉండాల."

"అయితే ఆడ మీరే కూర్చోండన్నా. మీరు కిటికీ దగ్గిరికి జరిగితే, మీ పక్క ఈయన జరుగుతాడు. ఆమె చోటు మన్లోనే ఉంటాది. తాతకూ దొరుకుతాది."

మునిరత్నం చేతిగుడ్డ అంచు వేళ్ళతో నలిపాడు. అతను కాదంటే నా కూతురు ఇంతమందిలో ఏం చేస్తుంది? శుక్రవారం మేడమ్ నాతో అన్న భయం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. చివరికి అతను చేతిగుడ్డ తీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని కిటికీ వైపు జరిగాడు. అతని పక్కాయన జరిగాడు. ముసలాయన కూర్చుని కర్రను మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఆ బెంచీ మీద నుంచి ఎవరూ లేవలేదు.

హారిక చెయ్యి ఇంకా బెంచీ మీదే ఉంది. "ఇంగొంచెం జరగండప్పా," అంది. "మా నాన్నకు."

మునిరత్నం కళ్ళు తుడుచుకుంటూనే, "రాండి పటేలప్పా. సింహాసనం కాదు, సర్దుకోండి," అన్నాడు.

ముగ్గురూ తలా కొంచెం జరిగారు. నేను కూర్చున్నాను. నాలుగో మనిషికి దొరికేది బెంచీ అంచు మాత్రమే. వీపు ఆనదు. ఒక కాలు నడవలో పెట్టుకుని పట్టు నిలుపుకోవాలి. ముసలాయన భుజం నా భుజానికి తగులుతోంది. ఇన్నేళ్ళలో ఆ రైల్లో ఒక మనిషి ఒంటి వేడి నాకు అంత దగ్గరగా తెలియలేదు.

హారిక నా ముందు నిలబడి ఫోను తెరిచింది. "గౌహతి, నాన్నా," అంది.

నేను నడవలో పెట్టిన నా కాలు వైపు చూశాను.

"నీకేం భయమో చెప్పు."

అడిగిన తీరు ఎవరిదో నాకు తెలుసు. అందుకే తప్పించుకోలేకపోయాను. "దూరం," అన్నాను. "గొడవలు. ఏమన్నా అయితే నేను వచ్చేలోపల..." ఆ మాట పూర్తి చేయలేకపోయాను.

"ఇంకా?"

"వద్దంటే నువ్వు వినవేమోనని. అందుకే గట్టిగా చెప్పలేదు."

హారిక కొంచెం వంగింది. "నాకూ భయమే నాన్నా. ఢిల్లీ అంటే మాత్రం భయం లేదు. అక్కడ నాకు నేర్చుకోవడానికి ఏముందో తెలియడంలేదు."

నేను తల ఊపానో లేదో నాకే తెలియదు. తన బొటనవేలు తెరను తాకడం మాత్రం చూశాను. తెర మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలైంది.

అప్పుడే రైలు ఆగింది. స్టేషను లేదు. కిటికీ బయట ఒక పక్క రాగి చేను, ఒక పక్క సగం కట్టిన అపార్ట్‌మెంట్లు. ఎందుకు నిలిచిందప్పా అని ముసలాయన అడిగాడు. రోజూ వచ్చేవాళ్ళెవరూ జవాబు చెప్పలేదు. తలలు ఒక్కొక్కటే కిటికీ వైపు తిరిగాయి. మునిరత్నం కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. పట్టుకున్నట్టు అతనికే తెలిసినట్టు లేదు. వేళ్ళు తెల్లబడి ఉన్నాయి.

నేను హారిక ఫోను వైపు చూడలేదు. ఆ వేళ్ళనే చూస్తూ, అవి ఎప్పుడు వదులవుతాయా అని బెంచీ అంచున కూర్చున్నాను.